చదవని చీటీ

ముందు కాలరు. ఎప్పుడూ కాలరే ముందు, అది కూడా వెనకవైపు నుంచి, ఎందుకంటే మనిషి మెడ అబద్ధమాడదు, ఎంత ఒళ్లు రుద్దుకున్నా తన మురికి కాస్త కాలరుకి ఇచ్చే పోతుంది. కానీ ఈ కాలరు తెల్లగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఈ ఇస్త్రీ బల్ల ముందు నిలబడుతున్నాను, ఇంత తెల్లటి కాలరు ఇంకెవరిదీ చూడలేదు, చెమటే పట్టదేమో వాడికి. పట్టదు. చెమట పట్టాలంటే లోపల ఎక్కడో ఒక భయం ఉండాలి. ఆవిరి మీట నొక్కగానే ఇస్త్రీపెట్టె బుస్సుమంది, తెల్లకోటు మెత్తబడి నా చేతికింద ఒదిగింది, మంచి బట్ట, బట్ట మీద నాకేం కోపం లేదు. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది, అది అయిదు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి నాలుగూ అయిదు. అయిదింటికి లెక్కల మాస్టారు వస్తాడు. ఒక్కడే రాడట, బడి వ్యానులో హెడ్‌మిస్ట్రెస్‌ని, తల్లిదండ్రుల సంఘం వాళ్లని వెంటేసుకుని వస్తాడట, మా కౌంటరు ముందే కోటు తొడుక్కుని అటునుంచి అటే సభకి పోతాడట. పిల్లల్ని మత్తుమందుల నుంచి కాపాడుకోవడం ఎలా అని సభ. ముఖ్య వక్త ఆయనే. పొద్దున ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు నేను, "అలాగే మాస్టారూ, మడత పడకుండా ఉంచుతాను," అన్నాను, ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. లోపల వాడు, బయట ఆయన. నాలుకకి అలవాటైన మర్యాద అంత తొందరగా పోదు. నా ఏప్రాను జేబులో ఒక పాత కవరుంది. అందులో రెండు తెల్ల మాత్రలు, ఒక చీటీ. పధ్నాలుగు నెలలుగా ఏ ఏప్రాను కట్టుకున్నా ఆ కవరు దాని జేబులోకి మారుతూ వస్తోంది, నేను మోసిన వాటన్నిటిలోకీ బరువైనది అదే.

భుజాలు. భుజం లోపల దిమ్మ పెట్టి, పైన తడిగుడ్డ వేసి, తట్టి తట్టి నొక్కాలి, రుద్దకూడదు. ఇది నేర్పింది పెద్దమ్మగారు, ఈ షాపు ఆవిడదే, అదిగో తలుపు పక్కన కుర్చీలో, కుడిచెవి వినపడదు, ఎడమచెవి అవసరమైనప్పుడు మాత్రం వినపడుతుంది. ఇస్త్రీ కంటే ముందు ఆవిడ నేర్పింది జేబులు. ఎవరో ఒకాయన, నేను రాకముందు సంగతి, కోటు జేబులో పెట్టిన ఉంగరం పోయిందని ఈ గుమ్మంలో నిలబడి ఆవిడ భర్తని దొంగ అన్నాడట, ఉంగరం తరవాత వాళ్లింట్లోనే దొరికింది గానీ దొంగ అనిపించుకున్న ఆ పెద్దమనిషి తల మళ్లీ లేవలేదట. అప్పటినుంచి రూలు. బట్ట నీళ్లకి వెళ్లకముందే జేబులన్నీ పళ్లెంలోకి దులపాలి. ఏ జేబులో ఏముందో చీటీ రాయాలి, కింద కార్బను పెట్టి, పైది వాళ్లకి, కింది నీలం అచ్చు మాకు. వస్తువుల్నీ చీటీనీ కనపడే కవర్లో పెట్టాలి. వాళ్లు తీసుకోడానికి వచ్చినప్పుడు కౌంటరు దగ్గర అందరికీ వినపడేలా చదవాలి, సంతకం పెట్టించాలి, అప్పుడే బట్ట ఇవ్వాలి. చీటీ అడుగున అచ్చు వేసే ఉంటుంది, చదివి వినిపించడమైనది అని, పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి. ఈ చదవడం ఊళ్లో పెద్ద తమాషా. బ్యాంకు మేనేజరు కోటు జేబులో రెండు సినిమా టిక్కెట్లు అని చదివితే పక్కన నిలబడ్డ వాళ్లావిడ, రెండో టిక్కెట్టు ఎవరిదండీ అని అక్కడే అడిగింది. రిటైరైన పోస్టుమాను జేబులో పళ్లడాక్టరమ్మ మీద రాసుకున్న కవిత దొరికితే, నేను నీళ్లు నములుతుంటే, పెద్దమ్మగారు కుర్చీలోంచే, "చదవమ్మా, కవిత కూడా వస్తువే," అంది. "మా ఆయన కోటు తెచ్చాను, చదివేటప్పుడు కాస్త గట్టిగా చదువు తల్లీ," అని చెప్పి వెళ్లే ఇల్లాళ్లు కూడా ఉన్నారు. రాజుకైనా పేదకైనా ఒకటే చదువు మా దగ్గర. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను చదవలేదు.

ఈ కోటే. ఇదే అస్తరు, ఇదే లోపలి జేబు, ఇదిగో నా వేలు దూరింది, అంచు కాస్త సాగింది గానీ అదే జేబు. మూడేళ్ల కిందట పళ్లెంలోకి దులిపితే పది మాత్రలు దొర్లాయి, తెల్లవి, పేరు లేదు, డబ్బా లేదు, కాగితంలో చుట్టి ఉన్నాయి. పేరు లేని మాత్రలు మగాడి లోపలి జేబులో ఎందుకుంటాయి అని నా తెలివి నాకు చెప్పింది, ఆ తెలివి తగలబడ, ఆయనకి యాభై దాటింది, వాళ్లావిడకి ఇంకా నలభై రాలేదు, అర్థం చేసుకున్నాను. సిగ్గుపడ్డాను కూడా. ఆరోజు కౌంటరు ముందు నలుగురున్నారు, అందులో ఇద్దరు ఆయన దగ్గర చదివే పిల్లల తల్లులు, వాళ్ల ముందు ఒక మాస్టారి పరువు తీయడమెందుకని చీటీ మీద టిక్కు కొట్టి, సంతకం మాత్రం పెట్టించుకుని, మడిచి కవర్లో పెట్టి చేతికిచ్చేశాను. ఆకుపచ్చ ఇంకుతో పెట్టాడు సంతకం, పేపర్లు దిద్దే ఇంకు. నావైపు కాసేపు చూశాడు. "చదవలేదేం అమ్మా?" అన్నాడు. "కొన్ని చదవక్కర్లేదు మాస్టారూ," అన్నాను, నా అంత పెద్దమనిషి ఈ బజార్లో లేదన్నట్టు. మర్నాడే ఫోను. మీ అమ్మాయి చురుకైనదని విన్నాను, నా ట్యూషనులో ఒక ఖాళీ ఉంది, ఫీజు గురించి ఆలోచించకండి, నా కూతురులాంటిదే అన్నాడు. ఆయన దగ్గర సీటంటే ఊళ్లో రెండేళ్లు ముందు చెప్పుకోవాలి. నేను ఎగిరి గంతేశాను. మా ఆయన బస్సు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలోనే చెప్పేశాను. ఎందుకిచ్చాడో మేమిద్దరం ఒక్క క్షణం ఆలోచించలేదు, నోరు మూసుకున్నదానికి కూలి ఇస్తున్నాడని, ఆ కూలి నా కూతురని.

చేతులు. కోటు చేయికి లోపల సన్నపీట దూర్చాలి, లేకపోతే మధ్యలో గీత పడుతుంది, గీత పడితే కోటు చవకబారుగా కనిపిస్తుంది. మా అమ్మాయి హారను చేతులు ఇప్పుడు వణుకుతాయి. పేరు వాళ్ల నాన్న పెట్టింది, ఆస్పత్రిలో పుట్టిన రోజే ఆ గొంతు విని, "నా బస్సుకి కూడా ఇంత హారను లేదే," అన్నాడు, మా అత్తగారు ఆడపిల్లకి అదేం పేరని మూతి తిప్పింది, కానీ అదే ఉండిపోయింది. వీధి చివర నిలబడి అమ్మా అంటే మూడో అంతస్తులో ఉప్పు డబ్బా నా చేతిలోంచి జారేది. ఆ పిల్ల మాస్టారి దగ్గర చేరిన రెండో నెలకి నిద్ర మానేసింది, చదువుకుంటోంది అనుకున్నాం, మురిసిపోయాం. మాటలు రెండింతల వేగంతో వచ్చేవి, ఒక మాట పూర్తికాకుండా ఇంకో మాట, పళ్లు కొరికేది, అన్నం ముందు కూర్చుని మెతుకులు వరుసగా పేర్చేది. మొదటి ర్యాంకు. చౌరస్తాలో నిలువెత్తు బోర్డు మీద ఫొటో, మాస్టారి ఫొటో మధ్యలో, చుట్టూ ఎనిమిది మంది పిల్లలు, మా ఆయన రోజూ ఆ చౌరస్తాలో బస్సు మెల్లిగా పోనిచ్చేవాడు. తరవాత నిద్ర పట్టడానికి వేరే మాత్రలు, తరవాత మాత్రలు చాలక పొడి, అవన్నీ మాకు తరవాత తెలిసినవి, అప్పట్లో మాకు తెలిసింది ఇంట్లో వస్తువులు మాయమవుతున్నాయని. వాళ్ల నాన్న గడియారం. మా అత్తగారి కమ్మలు. నా పాత ఇస్త్రీపెట్టె కూడా. నేను వెళ్లి పక్కింటావిడని దొంగ అన్నాను. మా గుమ్మంలోకి ఆవిడ తప్ప ఇంకెవరూ రారు కాబట్టి, గట్టిగా, మెట్ల మీద నిలబడి, నలుగురూ వినేలా అన్నాను, ఉంగరం పోయినాయన అన్నట్టే. ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంది, ఇప్పటికీ తెరవలేదు నా కోసం. మా మెట్ల మీద ప్రతి తలుపుకీ ఇప్పుడు రెండు తాళాలు. ఆ రెండోది నేను వేయించినట్టే.

గడియారం నాలుగూ ముప్పై, అంటే ఇరవై అయిదు. వీపు భాగం పెద్దది, మధ్య కుట్టు దగ్గర్నుంచి పక్కలకి పోవాలి. ఊళ్లో ఏం జరుగుతోందో పేపర్ల వాళ్లకంటే ముందు మాకు తెలుస్తుంది. ఒకప్పుడు పిల్లల బడి కోట్లలో గోళీలు, పెన్ను మూతలు, కరిగిన చాక్లెట్టు, ఒకసారి బతికున్న గొల్లభామ. తరవాత తరవాత గోరంత కవర్లు, మసిపట్టిన వెండికాగితం ముక్కలు, సగానికి కోసిన స్ట్రాలు. మొదట బడి కోట్లలో, తరవాత కొరియరు వాళ్ల చొక్కాల్లో, తరవాత నర్సు యూనిఫాంలో, ఒకసారి పోలీసు ఖాకీ చొక్కాలో. ఆ ఖాకీ చొక్కా చూసినరోజే నేను పోలీసు స్టేషను మెట్ల దాకా వెళ్లి, వీళ్లకా చెప్పడం అనుకుని తిరిగి వచ్చేశాను. అవి దొరికినప్పుడల్లా చదివాను. వెండికాగితం ఒకటి, స్ట్రా ముక్కలు రెండు అని చదివితే ఎవరూ ఉలిక్కిపడరు, చెత్త అనుకుంటారు, సంతకం పెట్టి తీసుకుపోతారు. ఆ వెనక కమ్మీ ఉందే, తీసుకుపోనివాటి కమ్మీ, అది ఒకప్పుడు మతిమరుపు వాళ్లది, ఊరు మారినవాళ్లది. ఇప్పుడు దానిమీద తగిలించినవన్నీ కుర్రవాళ్ల కొలతలే. బేకరీ ఆవిడ కొడుకు నీలం ప్యాంటు అక్కడే ఉంది, వాడు తీసుకోడానికి రాలేదు, ఆ వారం నిద్రలేవలేదు. బోర్డు మీద ఎనిమిది మందిలో రెండో వరుస, ఎడమవైపు. బేకరీ ఆవిడ ఇప్పటికీ మా షాపు ముందు నుంచి వెళ్తుంది గానీ లోపలికి చూడదు, ప్యాంటు ఇవ్వనా అని నేనూ అడగలేదు. ఇవాళ ఆవిడ్ని సభలో ముందు వరుసలో కూర్చోబెడతారట, మాస్టారే స్వయంగా వెళ్లి పిలిచాడట, కన్నీళ్లు పెట్టుకున్నాడట. వాడి కళ్లల్లో కారం పడ.

ఇప్పుడు ముందుభాగం, గుండీల పట్టీ. పొద్దున దీన్ని పళ్లెంలోకి దులిపాను. లోపలి జేబులో ఏమైనా ఉంటుందని, ఉండాలని, ఇన్నాళ్లు మొక్కుకున్నదానిలా నిలబడ్డాను. రుమాలు ఒకటి. సుద్దముక్క ఒకటి. రెండు మడతల కాగితం. అంతే. వాడు ఇప్పుడు ఎదిగాడు, జేబుల్లో పెట్టుకునే స్థితి దాటిపోయాడు. కాగితం విప్పాను, ఏముందో చూసి రాయడం మా పని. ఇవాళ్టి ప్రసంగం, ఆకుపచ్చ ఇంకు, గుండ్రటి అక్షరాలు. తల్లులారా అని మొదలుపెట్టాడు. ఈ విషం ఇంట్లోకి వచ్చే దారి పిల్లల జేబు, ఆ జేబు చూడని తల్లిదే మొదటి తప్పు, అని రాశాడు, తల్లిదే కింద గీత గీశాడు. మూడుసార్లు చదివాను. నేను. ఈ ఊళ్లో అందరి జేబులూ చూసేదాన్ని. పళ్లెం కింద పెట్టేశాను. ఆ క్షణం నుంచి నా బుర్రలో ఇంకేమీ లేదు, వీణ్ణి ఏం చేయాలి. ఇస్త్రీపెట్టె వీపు మధ్యలో రెండు నిమిషాలు వదిలేస్తే చాలు, గోధుమరంగు పెట్టె అచ్చు పడుతుంది, వేదిక మీద వెనక్కి తిరిగినప్పుడల్లా జనం చూస్తారు. భుజం కుట్టు నాలుగు పోగులు కోస్తే, తల్లులారా అని చేయెత్తగానే చంక దగ్గర చిరుగుతుంది. కాలరు మడతలో రెండు గుండుసూదులు. అన్నీ ఆలోచించాను, ఒక్కొక్కటీ ఊహించుకుని లోలోపల చంకలు గుద్దుకున్నాను, తరవాత ఒక్కొక్కటే చిన్నపిల్లల పనిలా కనిపించింది. నా పిల్ల బతుకు చిరిగితే నేను వాడి చంక చింపడమా.

ఇంకొక దారుంది. పొద్దున్నించీ అదే పిలుస్తోంది. ఏప్రాను జేబులోని రెండు మాత్రలూ తీసి ఇవాళ్టి కవర్లో వేయడం. లోపలి జేబు, తెల్ల మాత్రలు, రెండు, అని ఇవాళ్టి చీటీలో ఒక వరుస కలపడం. అందరిముందూ చదవడం. వాడివే కదా, వాడి చేతి నుంచి వచ్చినవే కదా, తిరిగి వాడి జేబుకి చేరిస్తే అబద్ధమెలా అవుతుంది. పెన్ను తీశాను కూడా. సుద్దముక్క కింద ఒక వరుస జాగా ఉంది, ఆ జాగాని ఎంతసేపు చూశానో, ఇస్త్రీపెట్టె తనంతట తనే ఆరిపోయింది. ఉంగరం పోయినాయన కూడా లేనిదాన్ని జేబులో ఉందన్నాడు. నేను పక్కింటావిడని అన్నాను. ఇది మూడోది అవుతుంది. పెద్దమ్మగారు కుర్చీలో కునుకు తీస్తోంది, ఎడమచెవి ఇటే ఉంది. ఈ షాపులో ఎవరూ జేబులో లేనిది రాయరు, ఆ ఒక్కమాట మీద నిలబడింది ఈ నాలుగు గోడలూ, ఆ ఒక్కమాట లేకపోతే రేపు నేను ఏం చదివినా ఎవరు నమ్ముతారు. పెన్ను మూత పెట్టేశాను. నా చేతకానితనానికి నామీద నాకే ఒళ్లు మండింది.

వెనక, వేలాడే బట్టల వరుస అవతల, మా హారను ఉంది. పునరావాస కేంద్రంలో పది నెలలు, ఇంటికి వచ్చి నాలుగు నెలలు. ఒంటరిగా వదలొద్దన్నారు కాబట్టి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టుకుంటాను, బట్టలకి టోకెను గుడ్డలు కుడుతుంది, సూదిలో దారం ఎక్కించడానికి ఆరుసార్లు పడుతుంది, నేను ఎక్కించి ఇస్తానంటే వద్దని తలూపుతుంది. మాట్లాడదు. కేంద్రంలో అడిగితే గొంతు బాగానే ఉంది, అదే వస్తుంది అన్నారు. వాళ్ల నాన్న ఇప్పుడు బస్సులో అవసరమైతే తప్ప హారను కొట్టడు, చివరి సీట్లో కునికే పిల్లల్ని అద్దంలో చూసి బస్సు ఆపి లేపుతాడు, డిపోలో తిట్లు తింటాడు. కేంద్రానికి తీసుకెళ్లిన రోజు దాని పెన్సిలు డబ్బా తెరిస్తే అడుగున ఈ కవరుంది. మా షాపు కవరు. నా చేతిరాత. తెల్లకోటు, లోపలి జేబు, తెల్ల మాత్రలు పది, కింద నా టిక్కు, ఆకుపచ్చ సంతకం. ఆ పెద్దమనిషికి నా కవరు అంత నచ్చింది, పారేయబుద్ధి కాలేదు, అందులోనే పెట్టి ఇచ్చాడు నా కూతురికి. నేను కేక పెట్టబోతే అది నా చేయి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకమ్మా. నా పేరు ఆయన ముందు ఎత్తకు. నా మీద ఒట్టు," అంది. అది నాతో అన్న ఆఖరి పొడుగుమాట. ఒట్టు వేశాను. అందుకే పధ్నాలుగు నెలలు మాస్టారి చొక్కాలు ఉతికాను, ఇస్త్రీ చేశాను, బాగున్నారా మాస్టారూ అన్నాను, ఇంటికెళ్లి నీళ్ల కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. ఇవాళ తెల్లకోటు ఇస్త్రీకి తీసేదాకా దానికి కనపడకుండా దుప్పటి కప్పి ఉంచాను.

పెట్టె మళ్లీ వేడెక్కింది. ఇక జేబు మూతలు రెండూ, పైనుంచి కిందికి ఒక్కసారి, అయిపోయింది. అప్పుడు తట్టింది, ఎంత తేలికైన సంగతి, ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదు. ఇవాళ్టి చీటీలో అబద్ధం రాయక్కర్లేదు. అబద్ధం రాసింది అప్పుడు. చదవకుండా చదివానని టిక్కు పెట్టాను చూడు, ఆ చీటీ మా రూలు ప్రకారం ఇంకా పూర్తి కాలేదు. దాన్ని చదవడం నా పని. అందులో మా పిల్ల పేరు లేదు, వాడిదీ నాదీ తప్ప. ఒట్టు ఒట్టులాగే ఉంటుంది. నా తప్పు కూడా నలుగురిలో పడుతుంది, పడనీ. నేను కూడా ఆ సంతకం పక్కనే నిలబడవలసినదాన్ని. కోటు హ్యాంగరుకి తగిలించి గుండీ పెట్టాను. వ్యాను ఆగిన చప్పుడైంది.

ఆయన ముందు, వెనక హెడ్‌మిస్ట్రెస్, సంఘం వాళ్లు ముగ్గురు, అందరికంటే వెనక బేకరీ ఆవిడ, గుమ్మం దాటాలా వద్దా అన్నట్టు. మాస్టారు కౌంటరు దగ్గరికొచ్చి వీపు తిప్పి రెండు చేతులూ వెనక్కి చాపాడు, నేను తొడగాలన్నట్టు.

"కానివ్వమ్మా, టైమైంది."

"చదవాలి కదా మాస్టారూ."

"ఇవాళ్టికి వదిలేయమ్మా, జేబురుమాలు కోసం వీళ్లందర్నీ నిలబెడతామా?"

"రూలు రూలే," అంది పెద్దమ్మగారు కుర్చీలోంచి, కళ్లు మూసుకునే.

ఇవాళ్టిది చదివాను. రుమాలు ఒకటి, సుద్దముక్క ఒకటి, ప్రసంగం కాగితం రెండు మడతలు. సుద్దముక్క దగ్గర సంఘం వాళ్లు నవ్వారు, పాపం మాస్టారి జేబులో ఇంకేముంటుంది అన్నారు. ఆకుపచ్చ సంతకం పెట్టాడు. అప్పుడు ఏప్రాను జేబులోంచి పాతది తీసి కౌంటరు మీద పెట్టాను. నా గొంతు మామూలుగానే వచ్చింది, చదివి చదివి అలవాటైన గొంతు. "ఇంకొకటుంది. మూడేళ్ల కిందటిది. టోకెను మూడొందల పదకొండు. తెల్లకోటు, లోపలి జేబు, తెల్ల మాత్రలు పది. ఇప్పుడున్నవి రెండు. చదివి వినిపించడమైనది అని టిక్కు పెట్టాను, ఆరోజు చదవలేదు, ఇవాళ చదువుతున్నాను. చేతిరాత నాది. సంతకం మాస్టారిది." పెద్దమ్మగారు కళ్లు తెరిచింది. మూడేళ్లు అబద్ధం ఆవిడ షాపులో పెట్టుకుని తిరిగానని ఆ చూపుకి అర్థమైంది, నేను తల దించుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ కవరు వైపు వంగి ఆకుపచ్చ సంతకాన్ని, ఇవాళ్టి సంతకాన్ని మార్చి మార్చి చూసింది.

మాస్టారు నవ్వాడు. లెక్క తప్పు చేసిన పిల్లని చూసి నవ్వినట్టే. "నా తలనొప్పి మాత్రలమ్మా అవి. మీరే నా చేతికిచ్చారు, నేను సంతకం పెట్టి తీసుకున్నాను, అవునా? మరి నాకిచ్చేసిన కవరు మీ జేబులోకి మళ్లీ ఎలా వచ్చింది? చెప్పండి, వీళ్లూ వింటారు." అందరూ నావైపు తిరిగారు. తెలుసు వాడికి. ఎక్కడ నుంచి వచ్చిందో, నేను ఎవరి పేరు ఎత్తలేనో, అన్నీ తెలిసే అడుగుతున్నాడు. నా నోరు తెరుచుకుంది, ఒట్టు గొంతుకి అడ్డం పడింది. సంఘం వాళ్లలో ఒకడు మెల్లిగా, దొంగతనమేమో అన్నట్టు పక్కవాడి చెవిలో ఏదో గొణిగాడు. అయిపోయింది, మళ్లీ వాడే గెలిచాడు, నా చేతిరాతతోనే నన్ను కట్టేశాడు అనుకున్నాను.

"నాకిచ్చారు సార్."

వేలాడే బట్టలు కదిలాయి. ఆ గొంతు అలమారా అద్దాల్ని కదిపింది, కమ్మీ మీది హ్యాంగర్లని కదిపింది, వీధిలో వ్యాను డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. బట్టల మధ్యనుంచి వచ్చి నా పక్కన నిలబడింది మా హారను, ఒకచేతిలో సూది ఇంకా అలాగే ఉంది, దారం ఎక్కించి ఉంది. "మొదటి టెస్టు ముందురోజు. ఈ కవర్లోనే. మీ అమ్మ షాపుదే, భయం లేదు వేసుకో అన్నారు. బేకరీ వాడికి కూడా నా ఎదురుగానే ఇచ్చారు." బేకరీ ఆవిడ అప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కౌంటరు దగ్గరికొచ్చి, కవర్లోని రెండు మాత్రల్ని అద్దం మీది మరకని చూసినట్టు దగ్గరగా చూసి, తల ఎత్తకుండానే నన్ను, "వాడి ప్యాంటు ఉందా ఇంకా?" అని అడిగింది. "ఉందండీ," అన్నాను. ఆవిడ కౌంటరు తలుపు తీసుకుని ఇటువైపు, మా వైపు వచ్చి నిలబడింది.

మాస్టారు హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. వ్యాను దారికి సంఘం వాళ్లు అడ్డంగా ఉన్నారు, ఎవరూ జరగలేదు. అప్పుడు చూశాను, ఇరవై రెండేళ్ల చూపు కదా, ముందు అక్కడికే పోతుంది. మెడ. చెవి కిందనుంచి సన్నగా దిగింది ఒక చుక్క, దాని వెనక ఇంకోటి. నేను కోటు హ్యాంగరు మీంచి తీశాను. ఇంకా వెచ్చగా ఉంది, ఎక్కడా మడత లేదు, నా చేతిమీదుగా పోయినవాటిలో ఇంత బాగా కుదిరిన ఇస్త్రీ లేదు. భుజాలు రెండూ పట్టుకుని వెడల్పుగా తెరిచి, ఆయన వెనక నిలబడ్డాను.

"తొడుక్కోండి మాస్టారూ," అన్నాను. "తల్లులు ఎదురుచూస్తున్నారు."